గల్లీ పాట నుంచి ఆస్కార్ వేదికకు..

హైదరాబాద్: సినిమా పాటే పాటగా చలామణి అయ్యే తెలుగునాట, సొంతంగా పాటలు కట్టి, పాడి పేరు తెచ్చుకున్న యువ గాయకుల్లో రాహుల్ సిప్లిగంజ్ ముందువరుసలో నిలుస్తారు. 1989 ఆగస్టు 22న హైదరాబాద్‌లో జన్మించిన ఆయన పాతబస్తీ గల్లీల్లో పెరిగారు. తండ్రి నడిపే క్షౌరశాలలో చేదోడుగా ఉంటూనే, గజల్ విద్వాంసుడు పండిట్ విఠల్‌రావు వద్ద సంగీతం అభ్యసించారు.

2009లో 'జోష్' చిత్రంతో నేపథ్య గాయకుడిగా పరిచయమయ్యారు. అయితే సినిమా అవకాశాలపైనే ఆధారపడలేదు. 'మగజాతి', 'మంగమ్మ', 'గల్లీ కా గణేశ్' వంటి ప్రైవేటు గీతాలను దృశ్యరూపంలో యూట్యూబ్‌లో విడుదల చేశారు. నిర్మాత, పంపిణీదారు అండ లేకున్నా పాట నేరుగా శ్రోతను చేరే మార్గమది. హైదరాబాదీ యాస, బస్తీ పండుగల సందడి ఆ పాటలకు యువతలో ఆదరణ తెచ్చాయి.

ఆ గుర్తింపు చిత్రసీమలోనూ అక్కరకొచ్చింది. 2018లో 'రంగస్థలం', 2019లో 'ఇస్మార్ట్ శంకర్' చిత్రాల్లో ఆయన పాడిన పాటలు మారుమోగాయి. 2019 నవంబరులో 'బిగ్‌బాస్' తెలుగు మూడో సీజన్ విజేతగా నిలిచి ఇంటింటికీ పరిచయమయ్యారు.

కీరవాణి స్వరపరచగా చంద్రబోస్ రచించిన 'నాటు నాటు' గీతాన్ని కాలభైరవతో కలిసి ఆలపించారు. 'ఆర్ఆర్ఆర్' చిత్రంలోని ఈ పాట 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ అందుకుంది. ఆస్కార్ ప్రతిమలు స్వరకర్త, రచయితలకు దక్కగా, లాస్ ఏంజెలెస్‌లోని డాల్బీ థియేటర్ వేదికపై ఆ పాటను వినిపించే అవకాశం గాయకులిద్దరికీ లభించింది. సొంత పాటతో శ్రోతలను కూడగట్టుకున్న హైదరాబాద్ యువకుడి గొంతు అలా తెలుగులోనే ప్రపంచానికి వినిపించింది.