సూరత్ విత్తనం, తెలుగు నేల: సంకర పత్తి నడిచిన దారి

సూరత్ నగరానికి తూర్పు వైపున ఉన్న గోడాదరా, దాని పక్కనున్న లింబాయత్, పర్వత్ పాటియా ప్రాంతాలు తెలంగాణ నుంచి వలస వెళ్ళిన చేనేత కుటుంబాలకు, ముఖ్యంగా పద్మశాలీలకు, తరాలుగా నివాసాలయ్యాయి. ఊళ్ళో చేతిమగ్గం కూడు పెట్టలేని స్థితికి చేరినప్పుడు భివండీ, షోలాపూర్‌లతో పాటు ఈ కుటుంబాలు ఎంచుకున్న మరో మజిలీ సూరత్ మరమగ్గాల పరిశ్రమ. అదే నగరంలోని అఠవా ఫారంలో ఉన్న ప్రధాన పత్తి పరిశోధనా కేంద్రం నుంచి దీనికి ఎదురు దిశలో మరో ప్రయాణం సాగింది. అక్కడ పుట్టిన సంకర పత్తి గుంటూరు నల్లరేగడి మొదలుకొని వరంగల్ చల్కల వరకు తెలుగు రైతు సేద్యాన్ని, అప్పును, ఆశను తిరగరాసింది. వాతావరణం మారుతున్న ఈ కాలంలో ఉష్ణమండల రైతుకు పరిశోధన ఎలా తోడుపడాలన్న ప్రశ్నకు ఈ విత్తన చరిత్రలో ఒక స్పష్టమైన పాఠం ఉంది.

పత్తి వ్యాపారంలో సూరత్ పేరు చాలా పాతది. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి దూది ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకు అందకుండా పోయినప్పుడు ఆ లోటు పూడ్చిన భారతీయ దూదిని, అది దేశంలో ఏ మూల పండినదైనా, అక్కడ ‘సూరత్’ అనే పిలిచేవారు. ఆ పేరులో గౌరవం కంటే ఫిర్యాదే ఎక్కువగా ఉండేది. ఎందుకంటే దేశవాళీ దూది పింజ, అంటే గింజను అంటిపెట్టుకుని ఉండే సన్నని పోగు, పొట్టిగా ఉండి లాంకషైర్ యంత్రాలకు సరిగా ఒదిగేది కాదు. పింజ పొడవు పెంచడమే ప్రభుత్వ పత్తి పరిశోధనకు తొలి లక్ష్యమైంది. 19వ శతాబ్దపు చివరి దశాబ్దంలో సూరత్‌లో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం ఏర్పడిన నేపథ్యం ఇదే. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అక్కడి శాస్త్రజ్ఞులు స్థానిక పత్తిలోనే మేలైన మొక్కలను ఏరి, వాటిని కలిపి, 1027 ఎ.ఎల్.ఎఫ్. వంటి రకాలను రూపొందించారు.

ఆ స్థానిక పత్తి హెర్బేసియం జాతికి చెందినది. భారతదేశంలో సాగయ్యే నాలుగు పత్తి జాతుల్లో హెర్బేసియం, ఆర్బోరియం అనే రెండింటినీ దేశవాళీ పత్తి అంటారు. హిర్సుటం, బార్బడెన్స్ అనే తక్కిన రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. హెర్బేసియం తొలకరి వానలకు మొలిచి, తల్లివేరును నల్లరేగడి లోతుల్లోకి దించి, వర్షాకాలం ముగిశాక నేలలో మిగిలిన తేమతోనే నెలల తరబడి బతికి, చలికాలం దాటాక దూది ఇస్తుంది. దిగుబడి తక్కువే అయినా, వాన మొహం చాటేసిన ఏడు కూడా ఎంతో కొంత చేతికొస్తుంది. తెలుగు నేలలో కూడా ఇటువంటి పత్తులే ఉండేవి. కృష్ణా, గుంటూరు మెట్ట భూముల్లో పండి, లేత గోధుమ వన్నె దూదితో కాకినాడ రేవు నుంచి ఎగుమతయ్యే ‘కోకనాడ’ పత్తి, పొందూరు ఖద్దరుకు నూలునిచ్చిన శ్రీకాకుళం కొండపత్తి రెండూ ఆర్బోరియం జాతివే. నంద్యాలలో 1906లో మొదలైన పరిశోధనా కేంద్రం సైతం తొలినాళ్ళలో ఇటువంటి దేశవాళీ పత్తులపైనే పనిచేసింది.

1947 నాటికి దేశంలో పత్తి విస్తీర్ణంలో అత్యధిక భాగం దేశవాళీ రకాలదే. దేశ విభజనతో సింధు, పశ్చిమ పంజాబ్‌లలోని నీటి వసతిగల అమెరికన్ పత్తి పొలాలు పాకిస్తాన్‌కు పోగా, మిల్లుల్లో ఎక్కువ భాగం భారత్‌లోనే ఉండిపోయాయి. పొడుగు పింజ దూదిని దిగుమతి చేసుకోవడానికి విదేశీ మారకం ఖర్చు చేయవలసి రావడంతో, అధిక దిగుబడిని, పొడుగు పింజను ఒకే మొక్కలో సాధించడం జాతీయ అవసరమైంది. అఖిల భారత సమన్వయ పత్తి పరిశోధనా పథకం 1967లో మొదలైంది. 1970లో సూరత్ కేంద్రంలో డాక్టర్ సి.టి.పటేల్ ‘గుజరాత్-67’ అనే రకాన్ని తల్లిగా, ఆకుల మీద తేనె గ్రంథులు లేని ఒక అమెరికన్ రకాన్ని తండ్రిగా తీసుకుని హెచ్-4 అనే సంకరాన్ని విడుదల చేశారు. గుజరాత్ రైతులు సంకర్-4గా పిలుచుకున్న ఈ పత్తి, ప్రపంచంలోనే వాణిజ్య సాగుకు వచ్చిన తొలి సంకర పత్తి.

భిన్న లక్షణాలున్న రెండు రకాలను కలిపితే పుట్టే మొదటి తరం మొక్క తల్లిదండ్రులిద్దరినీ మించిన ఏపుతో, కాపుతో పెరగడాన్ని సంకర తేజం అంటారు. పత్తిలో ఈ గుణం ఉన్నదని శాస్త్రజ్ఞులకు ముందే తెలిసినా, ఒక పువ్వులోనే ఆడ, మగ భాగాలు రెండూ ఉండటం వల్ల సంకర విత్తనాన్ని పెద్ద ఎత్తున తయారు చేయడం అసాధ్యమని ఇతర దేశాలు వదిలేశాయి. సాయంత్రం పూట మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలోని పుప్పొడి తిత్తులను గోటితో తీసివేసి, మరునాటి ఉదయం మరో రకం పూల పుప్పొడిని దాని కీలాగ్రానికి అద్దే పనిని చేతులతోనే చేయించవచ్చని సూరత్ పరిశోధన నిరూపించింది. దీని తరువాత 1972లో ధార్వాడలో డాక్టర్ బి.హెచ్.కటార్కి హిర్సుటం, బార్బడెన్స్ జాతులను కలిపి వరలక్ష్మి అనే సంకరాన్ని అందించారు. కాలక్రమంలో కర్నూలు, నంద్యాల, గద్వాల ప్రాంతాలు సంకర విత్తనోత్పత్తికి దేశంలోనే ముఖ్య కేంద్రాలయ్యాయి. ఆ పొలాల్లో పూలు దాటించిన, అంటే ఇలా చేతులతో పుప్పొడి అద్దిన, కూలీల్లో బడికి వెళ్ళవలసిన ఆడపిల్లలు ఎంతోమంది ఉన్నారన్నది ఈ విజయగాథలో దాచకూడని భాగం.

సంకర తేజం మొదటి తరం దాటగానే తగ్గిపోతుంది కనుక, పండిన గింజను దాచి మళ్ళీ విత్తడం కుదరదు. ప్రతి ఏటా విత్తనం కొనవలసిందే. ఎరువు, నీరు పుష్కలంగా అందినప్పుడే ఈ మొక్క తన శక్తిని చూపుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పొగాకు సాగు వదిలి పత్తికి మారిన రైతులు తొలి ఏళ్ళలో మంచి లాభాలే చూశారు. పురుగుమందుల వాడకం పెరిగేకొద్దీ పురుగును తినే మిత్ర కీటకాలు నశించి, 1980ల మధ్యలో తెల్లదోమ ఆ జిల్లాల పత్తిని కకావికలం చేసింది. గుంటూరు సమీపంలోని లాం పరిశోధనా కేంద్రం ఎల్.కె.861, కాంచన వంటి తెల్లదోమను తట్టుకునే రకాలను ఇవ్వడంతో ఆ విపత్తు కొంత శాంతించింది. ఈలోగా పత్తి వరంగల్ జిల్లా చల్క నేలలకు పాకింది. చల్క అంటే పలుచని ఎర్రనేల. అందులో తేమ ఎక్కువ రోజులు నిలవదు. వాన మీదే ఆధారపడిన ఆ నేలలో, అప్పు తెచ్చిన పెట్టుబడితో, ఆరు నెలలు దాటి నిలిచే సంకర పత్తిని పెంచడం ఎంత ప్రమాదమో 1997–98లో తేలిపోయింది. అకాల వర్షాలు, లద్దెపురుగు దాడి, తీరని అప్పులు కలిసి ఆ ఏడు వరంగల్ పత్తి రైతులను ఆత్మహత్యల వైపు నెట్టాయి.

2002 మార్చిలో అనుమతి పొందిన బీటీ పత్తి, నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును మొక్కలో చేర్చి, కాయ తొలిచే పురుగులకు విషమయ్యే ప్రొటీన్‌ను మొక్కే తయారుచేసుకునేలా చేసింది. ఇది కూడా భారతదేశంలో దాదాపు పూర్తిగా సంకర విత్తనాల రూపంలోనే అమ్ముడైంది. మొదటి ఏళ్ళలో శనగపచ్చ పురుగు తగ్గి మందుల ఖర్చు దిగివచ్చిన మాట నిజం. అయితే గులాబీ రంగు కాయతొలుచు పురుగు ఆ ప్రొటీన్‌కు అలవాటు పడినట్టు మొదట బయటపడింది గుజరాత్ పొలాల్లోనే. ఆ తరువాత తెలుగు రాష్ట్రాలకూ ఆ బెడద తప్పలేదు. శీతాకాలం చివరి వరకు చేలో నిలిచే దీర్ఘకాలిక పత్తి ఈ పురుగుకు ఏడాదిలో ఎక్కువ తరాలు పెరిగే అవకాశం ఇస్తుంది. అంటే హెచ్-4 కాలం నుంచి సంకరాల్లో కొనసాగుతున్న దీర్ఘకాలిక స్వభావమే పురుగుకు కోటగా మారింది.

రుతుపవనం ఆలస్యంగా రావడం, నడుమ దీర్ఘమైన బెట్ట, కోత వేళ కుండపోత వాన అనే మూడూ ఒకే సీజనులో ఎదురవుతున్న నేటి పరిస్థితిలో ఈ లోపం మరింత ప్రమాదకరం. 2020 అక్టోబరు వానలకు తెలంగాణలో పగిలిన పత్తి చేలోనే తడిసి పాడైంది. తక్కువ ఎత్తు పెరిగే స్వల్పకాలిక మొక్కలను దగ్గరగా నాటి, పురుగు ఉధృతికి ముందే ఒకటి రెండు తీతల్లో పంట ముగించే అధిక సాంద్రత సాగును నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ, తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు పరీక్షిస్తున్నది ఇందుకే. అదే సమయంలో బెట్టను, పచ్చదోమను తట్టుకునే దేశవాళీ పత్తుల జన్యుసంపద మళ్ళీ పరిశోధకుల దృష్టిలోకి వస్తున్నది. తెలంగాణలోని ఏనెబావి, పునుకుల గ్రామాల రైతులు రసాయన పురుగుమందులు మానేసి సాధించిన అనుభవం, ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్య కార్యక్రమం విస్తరణ ఈ అన్వేషణకు గ్రామ స్థాయి ఆధారాలుగా నిలిచాయి.

సంకర పత్తి పుట్టిన సూరత్ జిల్లాలో మాత్రం పత్తి కథ వేరే దారి పట్టింది. 1950లలో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ జలాశయం వచ్చాక తాపీ నది నీటితో చెరకు, వరి పెరిగి పత్తి విస్తీర్ణం కుంచించుకుపోయింది. గోడాదరా వంటి నగర శివారు పొలాల మీద ఇళ్ళు లేచాయి, మరమగ్గాల మీద నేసేదీ ప్రధానంగా పాలియెస్టరే. పత్తి పండించే పల్లె, వస్త్రం నేసే నగరం ఒకదాని నుంచి ఒకటి విడిపోయాక, పొలంలో నష్టమేమిటో పరిశ్రమకు తెలియదు, వస్త్రం విలువలో తన వాటా ఎంతో రైతుకు అందదు.

మంచి వాన పడిన ఏటి అత్యధిక దిగుబడినే కొలమానంగా పెట్టుకున్న పరిశోధన, చెడ్డ ఏటి నష్టాన్ని రైతు మీద వదిలేసింది. 1970 నాటి శాస్త్రజ్ఞుల ప్రతిభను, చేతులతో పూలు దాటించిన శ్రమను గౌరవిస్తూనే, ఈ కొలమానాన్ని మార్చవలసిన బాధ్యత నేటి తరానిది. విత్తనాన్ని ఎన్నుకునేటప్పుడు బెట్ట ఏడాది ఎంత మిగిలిందో, పురుగు వచ్చిన ఏడాది ఎంత అప్పయిందో, గింజ దాచుకోగలిగిన రైతు ఎంత నిలదొక్కుకున్నాడో కూడా పరిశోధనా కేంద్రాలు లెక్కించాలి. ఆ లెక్క రాయడానికి అవసరమైన అనుభవం చల్క నేలలో చెమటోడ్చిన రైతుల దగ్గర ఉంది. పొలం పరీక్షల రూపకల్పనలో వారికి మాట దక్కాలి.