రజస్వల వయసు: 19వ శతాబ్ది వివాహ చర్చల్లో స్త్రీ శరీరం

ఆడపిల్ల రజస్వల అయితే తెలుగులో ‘పెద్దమనిషి అయింది’ అంటారు. ఎదుగుదల ఆ రోజుతో పూర్తయిందన్న భావన ఈ మాటలోనే ఉంది. 19వ శతాబ్దంలో బాలికల వివాహ వయసుపై సాగిన వాదోపవాదాలు చాలావరకు ఈ భావనను ప్రశ్నించకుండానే నడిచాయి.

ఉష్ణదేశాల్లో ఆడపిల్లలు త్వరగా ఈడేరుతారన్నది ఆనాటి ఐరోపా వైద్యుల్లో బలంగా పాతుకుపోయిన నమ్మకం. బాల్యవివాహాన్ని వాతావరణ ఫలితంగా చూపడానికి అది అనువుగా ఉండేది. మాంచెస్టర్ వైద్యుడు జాన్ రాబర్టన్ వివిధ దేశాల లెక్కలు పోల్చి ఈ నమ్మకాన్ని ఖండించాడు. బాల్యవివాహానికి మూలం ఎండలో కాక ఆచారంలో ఉందన్నది ఆయన వాదం. 1871లో కేశవచంద్ర సేన్ వివాహ వయసుపై వైద్యుల అభిప్రాయాలు కోరినప్పుడు మహేంద్రలాల్ సర్కార్ 16 ఏళ్లని సూచించాడు. మరుసటి ఏడు వచ్చిన వివాహ చట్టం మాత్రం 14తో సరిపెట్టుకుంది.

1890లో కలకత్తాలో విచారణకు వచ్చిన ఫూల్‌మణి కేసు ఈ చర్చను కుదిపేసింది. పదేళ్లు దాటిన ఆ బాలిక భర్త సంపర్కం వల్ల రక్తస్రావమై మరణించింది. అప్పటి శిక్షాస్మృతిలో భార్య సమ్మతి వయసు 10 ఏళ్లు కనుక అత్యాచార నేరం వర్తించలేదు. భర్తకు పడినది ఏడాది కఠిన శిక్ష మాత్రమే. 1891లో సమ్మతి వయసును 12కు పెంచినప్పుడు, తొలి ఋతుస్రావం కాగానే గర్భాధానం జరగాలన్న శాస్త్రవిధికి అది భంగమని వ్యతిరేకులు ఆందోళన చేశారు. 12 ఏళ్లలోపు రజస్వలలయ్యేవారు అరుదని చట్టాన్ని సమర్థించినవారు సమాధానం చెప్పారు. అంటే, ఉభయపక్షాలకూ కొలబద్ద ఒకటే.

ఆ కొలబద్దే స్థిరమైనది కాదు. నార్వేలో 19వ శతాబ్ది మధ్యకాలంలో బాలికలు సగటున 16 ఏళ్లు దాటాకే రజస్వలలయ్యేవారు. 20వ శతాబ్ది ద్వితీయార్ధానికి ఆ వయసు 13కు చేరువైంది. నార్వేలో ఎండ పెరిగి ఇలా జరగలేదు. తిండి, ఆరోగ్యం మెరుగుపడ్డాయి. గర్భాన్నీ చనుబాలనూ పోషించడానికి స్త్రీ శరీరం చాలా శక్తిని వెచ్చించవలసి ఉంటుంది. కనుక పోషణ కొరవడినచోట ఈడేరడం వాయిదా పడుతుంది. పరిణామక్రమంలో ఏర్పడిన సర్దుబాటుగా దీనిని అర్థం చేసుకోవచ్చు.

అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. రజస్వల కావడం ఎదుగుదలకు ముగింపు కాదు. తొలి సంవత్సరాల్లో చాలా ఋతుచక్రాల్లో అండం విడుదల కాదు. ఈ దశను ఆష్లీ మాంటేగ్ 1946లో ఒక గ్రంథంలో వివరంగా చర్చించాడు. ఎత్తు పెరగడం దాదాపు ఆగిన తరువాత కూడా కటి ఎముకల మధ్య ప్రసవమార్గం విశాలమవుతూనే ఉంటుందని 1982లో మోయర్మన్ పరిశోధన చూపింది. ‘పెద్దమనిషి’ అయిన పిల్లకు ప్రకృతి ఇంకా కొన్నేళ్ల గడువు ఇచ్చింది. గర్భాధాన విధి ఆ గడువును రోజుల్లోకి కుదించింది. పోషణ లేని పిల్లల్లో కటి ఇరుకుగా ఉండే ప్రమాదం ఎక్కువ కనుక, ఈ తొందరకు పేదింటి బాలికలే ఎక్కువ మూల్యం చెల్లించారనుకోవాలి.

తెలుగునాట ఆచారం రజస్వల అయ్యేదాకా కూడా ఆగలేదు. ‘కన్యాశుల్కం’ 1897 నాటి పీఠికలో గురజాడ పేర్కొన్న లెక్క దీనికి సాక్ష్యం. విశాఖపట్నం జిల్లాలో ఒక ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన 1034 శుల్క వివాహాలలో 99 మంది వధువులకు ఐదేళ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు. ముగ్గురికి ఒక్క ఏడు. ఈ లెక్కను తెలుగువారందరికీ అన్వయించకూడదు. వివాహ వయసు కులాన్ని బట్టి మారేది. అయినా వాతావరణ వాదాన్ని తోసిపుచ్చడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు. ఏ ఎండా ఏడాది పిల్లను ఈడేర్చదు.

1929 నాటి శారదా చట్టం ఋతుస్రావంతో నిమిత్తం లేకుండా బాలికల కనీస వివాహ వయసును 14గా నిర్ణయించింది. ఉల్లంఘన శిక్షార్హమైంది గాని, జరిగిన పెళ్లి మాత్రం చెల్లుబాటయ్యేది. ఆ వయసు 18 కావడానికి 1978 దాకా ఆగవలసి వచ్చింది.