హ్యాకింగ్ నేరం: తలుపు తోసినవారికీ, ఇల్లు దోచినవారికీ ఒకే శిక్షా?

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి 2022 జనవరిలో ఓ ముఠా చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా కాజేసింది. ఉద్యోగులకు మోసపూరిత ఈమెయిళ్లు పంపి, వాటి ద్వారా లోపలికి దారి చేసుకున్నారని పోలీసులు తేల్చారు. ఆ సొమ్మును ముందు అదే బ్యాంకులోని కొన్ని ఖాతాల్లో వేసి, అక్కడి నుంచి దేశవ్యాప్తంగా వందలాది ఖాతాలకు మళ్లించి, ఏటీఎంల నుంచి తీసుకున్నారు.

ఇప్పుడు ఇంకో సందర్భం ఊహించుకోండి. ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఫలితాలు చూసుకుంటూ కాలేజీ వెబ్‌సైట్‌లో హాల్‌టికెట్ నంబరు ఒక అంకె మార్చాడు. వేరే విద్యార్థుల మార్కులు, చిరునామాలు, ఫోన్ నంబర్లు తెరమీదకు వచ్చేశాయి. అతను వాటిని ఎవరికీ అమ్మలేదు, ఎక్కడా పెట్టలేదు. 'మీ సైట్‌లో లోపం ఉంది, సరిచేయండి' అని కాలేజీకి మెయిల్ పంపాడు.

వాడుకలో ఈ రెండింటినీ హ్యాకింగ్ అనే అంటాం. మరి చట్టం ఈ రెండింటినీ వేరుచేసి చూస్తుందా? ఎంత శిక్ష వేస్తుంది? బాధితులకు ఏం దక్కుతుంది?

చట్టంలో 'హ్యాకింగ్' అనే మాట ఉందా?

ఇప్పుడు లేదు. 2000లో సమాచార సాంకేతిక చట్టం (ఐటీ చట్టం) వచ్చినప్పుడు సెక్షన్ 66 శీర్షికలోనే హ్యాకింగ్ అనే పదం ఉండేది. 2008లో చేసిన సవరణ ఆ పదాన్ని తీసేసింది. ఆ సవరణ 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది.

దాని స్థానంలో రెండు మెట్ల పద్ధతి వచ్చింది. మొదటి మెట్టు సెక్షన్ 43. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడం, డేటా కాపీ చేసుకోవడం, వైరస్ ఎక్కించడం, పనిచేయకుండా ఆపేయడం, సమాచారం చెరిపేయడం వంటివన్నీ దీని కిందికి వస్తాయి. దీనికి జైలు లేదు. నష్టపోయినవారికి పరిహారం కట్టాలి.

రెండో మెట్టు సెక్షన్ 66. పై పనుల్లో దేన్నయినా 'నిజాయతీ లేకుండా లేదా మోసపూరితంగా' చేస్తే అది నేరం. మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పరిహారంతో పోతుందా, జైలు దాకా వెళుతుందా అనేది ఉద్దేశాన్ని బట్టి ఉంటుందన్నమాట.

ఫోన్ కూడా కంప్యూటరేనా?

అవును. దీనిపై తీర్పు ఇచ్చింది మన హైకోర్టే. ఒక టెలికాం సంస్థ ఇచ్చిన ఫోన్లలోని గుర్తింపు నంబర్లను పోటీ సంస్థ ఉద్యోగులు మార్చేశారన్న కేసులో, సెల్‌ఫోన్ కూడా ఐటీ చట్టం చెప్పే కంప్యూటర్ నిర్వచనంలోకి వస్తుందని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లో స్పష్టం చేసింది.

కాబట్టి భార్య ఫోన్‌లో భర్త నిఘా యాప్ పెట్టినా, ఉద్యోగం మానేసిన వ్యక్తి పాత కంపెనీ లాగిన్‌తో ఫైళ్లు తీసుకున్నా, స్నేహితుడి ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ కనిపెట్టి లోపలికి వెళ్లినా 'ఇంట్లో విషయమే కదా', 'సరదాకే కదా' అని తోసేయడానికి లేదు.

ఏ పనికి ఎంత శిక్ష?

• పాస్‌వర్డ్, డిజిటల్ సంతకం లాంటి వేరొకరి గుర్తింపును దొంగిలించి వాడుకుంటే (66-సి): మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

• కంప్యూటర్ లేదా ఫోన్ ద్వారా వేరొకరిలా నటించి మోసం చేస్తే (66-డి): శిక్ష అంతే.

• 'రక్షిత వ్యవస్థ'గా ప్రభుత్వం ప్రకటించిన కంప్యూటర్లలోకి అనుమతి లేకుండా వెళ్లినా, వెళ్లడానికి ప్రయత్నించినా (70): పదేళ్ల వరకు జైలు, జరిమానా. ఆధార్ సమాచారం ఉండే కేంద్ర భాండాగారం ఈ కోవలోదే.

• దేశ భద్రతను దెబ్బతీసే లేదా ప్రజల్లో భయోత్పాతం కలిగించే ఉద్దేశంతో చేసే సైబర్ ఉగ్రవాదం (66-ఎఫ్): యావజ్జీవం వరకు.

వీటికి తోడు పోలీసులు భారతీయ న్యాయ సంహితను కూడా వాడతారు. మోసం చేసి సొమ్ము కాజేస్తే సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ముఠా కట్టి పదే పదే సైబర్ నేరాలు చేస్తే సెక్షన్ 111 కింద వ్యవస్థీకృత నేరమవుతుంది. దానికి కనీసం ఐదేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం.

ఐటీ చట్టంలో మూడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాలకు బెయిల్ హక్కుగా దొరుకుతుంది. దర్యాప్తును ఇన్‌స్పెక్టర్ లేదా ఆపై స్థాయి అధికారే చేయాలి. నిందితుడు 18 ఏళ్ల లోపువాడైతే కేసు బాలల న్యాయ మండలికి వెళుతుంది. మూడేళ్ల లోపు శిక్ష ఉన్నవి బాలల చట్టంలో చిన్న నేరాలు కాబట్టి అక్కడ దృష్టి శిక్ష మీద కన్నా దిద్దుబాటు మీదే ఉంటుంది.

లోపం చూపించిన విద్యార్థి సంగతేంటి?

నిజాయతీగా లోపం చెప్పాడు కాబట్టి సెక్షన్ 66 వర్తించకూడదు. కానీ 'మా అనుమతి లేకుండా లోపలికి వచ్చావు' అని కాలేజీ సెక్షన్ 43 కింద పరిహారం అడగవచ్చు. సద్బుద్ధితో లోపాలు వెతికేవారికి ఐటీ చట్టంలో ప్రత్యేక మినహాయింపు లేదు. పైగా ఉద్దేశం ఏమిటన్నది తేలేది చివరికి కోర్టులో. ఈలోగా ఎఫ్ఐఆర్ నమోదై, ల్యాప్‌టాప్ సీజ్ అయితే చదువు, ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నింటికీ చిక్కే. రక్షిత వ్యవస్థల విషయంలో ఇంకా కష్టం. సెక్షన్ 70లో మోసపూరిత ఉద్దేశం అనే షరతే లేదు.

కొన్ని దేశాలు ఇక్కడ ముందడుగు వేశాయి. సద్బుద్ధితో చేసే భద్రతా పరిశోధనపై కేసులు పెట్టవద్దని అమెరికా న్యాయశాఖ 2022 మేలో తన ప్రాసిక్యూటర్లకు చెప్పింది. షరతులకు లోబడి లోపాలు వెతికి చెప్పేవారికి బెల్జియం 2023లో చట్టపరమైన రక్షణే ఇచ్చింది. మన దగ్గర లోపాల గురించి కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేసే ఏర్పాటు ఉంది. కానీ ఫిర్యాదు పంపే దారి ఉన్నంత మాత్రాన పంపినవారికి చట్టపరమైన రక్షణ ఉన్నట్టు కాదు.

అతిగా శిక్షిస్తే ఏమవుతుంది?

అమెరికా అనుభవంలో రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడాలి. 1988 నవంబరులో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రామ్ అప్పటి ఇంటర్నెట్‌లో వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. నేరం రుజువైంది. కోర్టు జైలుకు పంపలేదు. మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా వేసింది. ఆ తర్వాత ఆయన ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యారు.

రెండోది ఆరన్ స్వార్ట్జ్ కేసు. ఎంఐటీ నెట్‌వర్క్ ద్వారా జేస్టోర్ అనే పరిశోధన వ్యాసాల భాండాగారం నుంచి లక్షలాది పత్రాలు డౌన్‌లోడ్ చేశారని 2011లో ఆయనపై కేసు పెట్టారు. ఆరోపణలన్నీ కలిపితే దశాబ్దాల జైలుశిక్ష పడే అవకాశం ఉండేది. విచారణ మొదలు కాకముందే, 2013 జనవరిలో, 26 ఏళ్ల వయసులో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. చేసిన పనికీ, చూపించిన శిక్షకూ పొంతన ఉందా అన్న చర్చ అమెరికాలో అప్పటి నుంచి ఆగలేదు.

మరి మెతకగా ఉండాలా?

అలా కూడా కాదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగినప్పుడు ఓపీ రిజిస్ట్రేషన్లు, రిపోర్టులు రోజుల తరబడి చేతిరాతతో నడిచాయి. దూరాభారం నుంచి వచ్చిన రోగులు క్యూల్లో పడిగాపులు పడ్డారు. దీనిపై ఢిల్లీ పోలీసులు సైబర్ ఉగ్రవాదం సెక్షన్ కిందే కేసు పెట్టారు. ఆసుపత్రిని ఆపేయడం ప్రాణాలతో చెలగాటం. దాన్ని వెబ్‌సైట్ మొదటి పేజీ మార్చేసిన ఆకతాయి పనితో సమానంగా చూడలేం.

అందుకే ప్రతి కేసులోనూ మూడు ప్రశ్నలు వేయాలి. అనుమతి ఉందా? ఏ ఉద్దేశంతో చేశారు? ఎవరికి ఎంత నష్టం జరిగింది? ఎంత తెలివిగా లోపలికి వెళ్లారన్నది శిక్షకు కొలత కాకూడదు. పాస్‌వర్డ్ సులువుగా కనిపెట్టి పింఛనుదారు ఖాతా ఖాళీ చేసినవాడు, అతి కష్టమైన తాళం తీసి ఏమీ ముట్టుకోకుండా చెప్పిన పరిశోధకుడి కన్నా పెద్ద నేరస్థుడు.

శిక్షాకాలం పెంచినంత మాత్రాన నేరం తగ్గదు. దొరకనివాడికి మూడేళ్లయినా ముప్పై ఏళ్లయినా ఒకటే. భారత్‌లోని కంప్యూటర్‌పై విదేశం నుంచి దాడి చేసినా మన చట్టం వర్తిస్తుందని సెక్షన్ 75 చెబుతోంది. కానీ ఆధారాలకూ, అరెస్టుకూ ఆ దేశం సహకరించాలి. సైబర్ నేరాలపై 2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందంలో భారత్ సభ్యదేశం కాదు.

తలుపు తీసి పెట్టినవారి మాటేమిటి?

మహేశ్ బ్యాంకు కేసులో పోలీసులు బ్యాంకు భద్రతా లోపాలను కూడా ఎత్తిచూపారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. చొరబాటుదారు నేరం వేరు, కాపలా పెట్టని సంస్థ తప్పు వేరు. ఒకటి రెండోదాన్ని మాఫీ చేయదు.

వ్యక్తిగత డేటాకు తగిన రక్షణ కల్పించని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయడానికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో వీలుంది. అయితే ఆ జరిమానా ప్రభుత్వ సంచిత నిధికి వెళుతుంది, డేటా పోగొట్టుకున్నవారికి రాదు. బాధితులు ఈ తేడా తెలుసుకోవాలి.

మీకే జరిగితే ఏం చేయాలి?

• డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సొమ్ము చేతులు మారేలోపు ఖాతాను స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. తెలంగాణలో ఇలా ఆపిన సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు.

• జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో (సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్) ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరు దాచుకోండి.

• బ్యాంకుకు మూడు పనిదినాల్లోపు తెలియజేయండి. తప్పు మీది గానీ బ్యాంకుది గానీ కాకపోతే, ఆ గడువులో చెప్పిన ఖాతాదారుపై భారం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

• కంగారులో ఫోన్‌ను ఫార్మాట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు, మెసేజ్‌లు, లాగిన్ హెచ్చరికలే మీ సాక్ష్యాలు.

• పరిహారం కోసం రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి దగ్గరకు వెళ్లవచ్చు. ఐటీ చట్టం కింద ఆయనే న్యాయనిర్ణయాధికారి. 5 కోట్ల రూపాయల వరకు క్లెయిములు వినే అధికారం ఉంది. నిబంధనల ప్రకారం ఆరు నెలల్లో తేల్చాలి. పోలీసు కేసు నడుస్తున్నా ఈ దారి తెరిచే ఉంటుంది.

నిందితుడికి జైలు పడటం వేరు, మీ డబ్బు మీకు రావడం వేరు. రెండూ కావాలంటే ఫిర్యాదులూ రెండు చోట్ల చేయాలి.