గది అద్దెకిస్తారు, అరుగు మాత్రం ఇవ్వరు

అంటరానితనం చరిత్ర అనగానే మనకి బావులూ, గుళ్ళూ, హోటళ్ళలో రెండు గ్లాసులూ గుర్తుకొస్తాయి. అద్దె ఇల్లు గుర్తుకు రాదు. అంబేద్కర్ అంతటివాడు 1917లో ఉద్యోగానికి బరోడా వెళితే ఉండటానికి ఇల్లు పుట్టలేదు. పార్సీ సత్రంలో తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయించారు. విదేశాల్లో చదివిన చదువు గది గడప కూడా దాటించలేకపోయింది.

అశ్వారావుపేట లాంటి అడవి అంచు ఊళ్ళకి వాడల నుంచీ, గూడేల నుంచీ చదువుకో, ఉద్యోగానికో వచ్చేవాళ్ళకి ఈ గడప కొత్తేం కాదు. కులం అడిగి గది లేదనడం ఒక పద్ధతి. ఇచ్చాక పొగబెట్టడం ఇంకో పద్ధతి. ఈ రెండోదాని గురించే మేము చెప్పదలిచాం.

అందరి సైకిళ్ళూ మెట్ల కిందే ఉంటాయి, మనవాళ్ళదే అడ్డం. అందరి బిందెలూ నూతి గట్టునే ఉంటాయి, మనవాళ్ళది తగిలితేనే మైల. అరుగు మీద మంచం వేస్తే 'ఇదేమన్నా మీ పేటా?' అంటారు. చివరికి ఓ రోజు సామానంతా వీధిలో ఉంటుంది. సామాను వీధిన పడ్డదంటే మనిషి పరువు పడ్డట్టే.

ఇది చట్టం లేని చోటు కాదు. కులం పేరుతో ఇంట్లో ఉండనివ్వకపోవడం, అందరి నీళ్ళు తోడుకోనివ్వకపోవడం 1955 చట్టం కిందే నేరాలు. 1976లో ఆ చట్టమే పౌరహక్కుల పరిరక్షణ చట్టమయ్యింది. ఇల్లు విడిచిపోయేలా చేయడాన్ని 1989 అత్యాచారాల నిరోధక చట్టం నేరమన్నది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రధానంగా నగరాలకీ, మునిసిపాలిటీలకీ ఉద్దేశించింది. అశ్వారావుపేట ఏళ్ళ తరబడి గ్రామ పంచాయతీగానే ఉండిపోయింది. అంతమాత్రాన ఇంటాయన చెప్పిందే చట్టం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, నెలవారీ అద్దెకున్నవాళ్ళకి 15 రోజుల నోటీసివ్వాలి. చట్టప్రకారం కాకుండా వెళ్ళగొడితే, 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం కింద 6 నెలల్లోగా దావా వేసి గది తిరిగి పొందొచ్చు.

చిక్కల్లా రుజువు దగ్గరే. రశీదు ఉండదు, ఒప్పందం నోటిమాటే. అందుకే అద్దె కట్టిన ప్రతిసారీ రశీదు అడగాలి. సామాను బయట పడిన రోజే జాబితా రాసి, చూసినవాళ్ళ సంతకాలు తీసుకోవాలి. ఫిర్యాదులో 'సామాను గొడవ' అని రాస్తే అది ఇద్దరి మధ్య తగాదాగా మిగులుతుంది. అన్న మాటలు అన్నట్టే రాయించాలి. ఎందుకంటే గొడవ సైకిలు గురించి కాదు, దాన్ని అక్కడ పెట్టిన మనిషి గురించి.