మా సారాకుండ చరిత్ర

చోడవరం చుట్టూ చెరకు తోటలే. గోవాడ చక్కెర మిల్లు ఆడే రోజుల్లో రోడ్డు పొడవునా మడ్డి వాసన. మాడుగుల దాటి కొండెక్కితే, వేసవి మొదట్లో, ఎండుతున్న ఇప్పపువ్వు వాసన. మేము ఈ రెండు వాసనల మధ్య పెరిగినవాళ్లం.

ఇప్పపువ్వు నానబెట్టి, పులిశాక కుండలో కాస్తే వచ్చే సారా నీళ్లలా తెల్లగా ఉంటుంది. మా పెద్దలు దాన్ని ఏళ్లతరబడి దాచలేదు. పెళ్లికి, దినానికి, కొత్తల పండక్కి కావలసినంతే కాచుకున్నారు. ముందు నేలమీద నాలుగు చుక్కలు పోసి చచ్చిపోయినవాళ్లను తలచుకుని, తర్వాతే తాగారు.

బ్రిటన్‌లో 1915లో, యుద్ధం నడుస్తుండగా, పచ్చి సారా అమ్మకూడదని చట్టం చేశారు. నేటికీ స్కాచ్ విస్కీ అనిపించుకోవాలంటే ఓక్ పీపాలో మూడేళ్లు ఉండాలి. అక్కడ కొత్తగా బట్టీ పెట్టినవాళ్లు కొందరు ఆ మూడేళ్లు గడవడానికి పచ్చి సారానే వేరే పేరుతో అమ్ముకుంటారు. మన దగ్గర చవక విస్కీలో ఎక్కువ భాగం చక్కెర మిల్లు మడ్డి నుంచి తీసిన స్పిరిటే. రంగూ వాసనా కలుపుతారు, పీపా ముఖం చూపించరు. వయసు లెక్కన అదీ మా కుండసారా ఒక ఈడువే. ఒకటి దుకాణంలో సీలుతో ఉంటుంది, రెండోది పోలీసు జీపెక్కుతుంది.

ఈ తేడా కల్లు దగ్గర మొదలైంది. 1870లలో ఆబ్కారీ చట్టం పేరున రంప మన్యంలో కల్లు మీద హక్కును గుత్తదార్లకిచ్చారు. ఇంటికోసం గీసుకోవడమూ నేరమైంది. పైన రంప మున్సబుదారు చిగురుపన్ను అడిగాడు. వ్యాపారుల డిక్రీలు, పోలీసుల జులుం సరేసరి. 1879 మార్చిలో జనం తిరగబడి చోడవరం ఠాణా మీద పడ్డారు. (అది మా చోడవరం కాదు, గోదావరి వైపు రంపచోడవరం. బడిలో పిల్లలు "మన ఊళ్లోనేనా మాస్టారూ?" అని ఆశగా అడుగుతుంటారు.) కారం తమ్మన్నదొర పేరు వినిపించింది అప్పుడే. పితూరీ మా విశాఖ జిల్లా గొలుగొండ కొండలకూ పాకింది. సర్కారు సైన్యాన్ని దించింది. చివరికి మున్సబుదారును తొలగించారు, ఆబ్కారీ మాత్రం ఉండిపోయింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకొట్టు మూయించారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో మద్యం మొత్తం ఆగింది. 1997లో విస్కీ తిరిగొచ్చింది, సారా రాలేదు. ఆ ఆడవాళ్లను మేము తప్పుపట్టం. ఇప్పుడు కొండమీద అమ్మకానికి కాసేదాంట్లో ఇప్పపువ్వు తక్కువ, కిందనుంచి ఎక్కిన నల్లబెల్లం ఎక్కువ. దాన్ని పండగ సారా అని వెనకేసుకురాలేం. బడిలో బెంచీ ఖాళీగా ఉంటే, ఆ ఇంట్లో రాత్రి ఏం జరిగిందో మాకు చాలాసార్లు తెలుసు.

ఏది ఆపాలో ఏది ఉంచుకోవాలో ఊరే తేల్చుకోవాలని మేమంటాం. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభకు ఆ అధికారం ఇచ్చింది. కొండమీది మా మేనమామలకు అది కాగితం మీదైనా ఉంది. కొండ దిగువన ఉన్న మా గిరిజన పల్లెలు షెడ్యూలులో లేవు. మాకు ఆ కాగితమూ లేదు.