దుఃఖం దిగమింగితే క్యాన్సరు వస్తుందా?

“బాధనంతా లోపలే దిగమింగుకున్నాను డాక్టరుగారూ, అందుకే ఈ జబ్బు పట్టుకుంది.” రొమ్ము క్యాన్సరుతో వచ్చిన ఒక తల్లి నాతో అన్న మాట ఇది. జబ్బు చాలదన్నట్టు, దాన్ని తానే తెచ్చుకున్నానన్న అపరాధభావం కూడా. మీ ఇళ్లలోనూ ఈ మాట వినే ఉంటారు. దీనికి శాస్త్రపు ముద్ర వేసిన వ్యాసాల చరిత్ర ఒకటి ఉంది.

హాన్స్ ఐసెంక్ 1916లో బెర్లిన్‌లో జన్మించి, లండన్‌లో ఆచార్యునిగా ప్రపంచఖ్యాతి పొందిన మనస్తత్వ శాస్త్రవేత్త. రోనాల్డ్ గ్రోసార్ట్-మాటిచెక్ అనే పరిశోధకునితో కలిసి ఆయన అనేక వ్యాసాలు ప్రచురించారు. నాటి యుగోస్లావియాలోని ఒక చిన్న పట్టణంలోనూ, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లోనూ ప్రజలను ఏళ్ల తరబడి పరిశీలించామనీ, భావాలను అణచుకునే స్వభావం గలవారికే క్యాన్సరు ఎక్కువనీ వారి వాదన. 1991 నాటి ఒక వ్యాసం ప్రకారం, అటువంటి స్వభావం గల 100 మందిలో 50 మందికి మానసిక చికిత్స చేశారు. 13 ఏళ్ల తరువాత చూస్తే, చికిత్స పొందినవారిలో క్యాన్సరుతో ఒక్కరూ మరణించలేదు. పొందనివారిలో 16 మంది మరణించారు. ఇంతటి మందు నా వైద్యవృత్తిలో ఎన్నడూ చూడలేదు. మీరు చూశారా?

మరి పత్రికలు ఎలా స్వీకరించాయి? పరిశోధకుడు వ్యాసం పంపుతాడు; సంపాదకుడు దానిని ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతాడు. వారు చదివేది వ్యాసాన్నే. రోగుల ఇళ్లకు వెళ్లరు, మరణ ధ్రువపత్రాలు లెక్కపెట్టరు. ఆ విధానమంతా నమ్మకం మీదనే నడుస్తుంది. పంపినవాడు పేరున్నవాడైతే ఆ నమ్మకం ఇంకొంచెం పెరుగుతుంది.

అనుమానించినవారు లేకపోలేదు. 1992లోనే ఆంథొనీ పెలోసీ, లూయీ ఆపిల్‌బీ అనే మనోవైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితాలను గట్టిగా ప్రశ్నించారు. వ్యాసాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఐసెంక్‌కు పొగాకు పరిశ్రమ నుంచి ధనం అందిన సంగతి కూడా బయటపడింది. తప్పు స్వభావానిదైతే సిగరెట్టుకు ఎంత మేలో వేరే చెప్పాలా! 1997లో ఆయన కన్నుమూశారు.

2019లో పెలోసీ మళ్లీ కలం పట్టారు. ఈసారి ఆయన వ్యాసాన్ని జర్నల్ ఆఫ్ హెల్త్ సైకాలజీ ప్రచురించింది. సంపాదకుడు డేవిడ్ మార్క్స్ అంతటితో ఊరుకోక, విచారణ జరపమని కింగ్స్ కాలేజ్ లండన్‌కు బహిరంగ లేఖ రాశారు. వారిద్దరూ కలిసి రాసిన 26 వ్యాసాలు నమ్మదగినవి కావని ఆ విచారణ తేల్చింది. తదనంతరం పదికి పైగా వ్యాసాలను ఆయా పత్రికలు ఉపసంహరించుకున్నాయి. మొదటి ప్రశ్నకూ ఆ విచారణకూ నడుమ 27 ఏళ్లు!

ఆ తల్లితో నేను అన్నది ఒక్కటే: “అమ్మా, ఇది నీ తప్పు కాదు.” ఆమె నమ్మిందో లేదో ముఖం చూసి చెప్పలేకపోయాను. ఉపసంహరణ ముద్ర ఇంటర్నెట్‌లోని ప్రతుల మీద పడింది గానీ, గ్రంథాలయాలలో బైండు చేసి ఉంచిన పాత సంపుటాలలో ఆ పుటలు అప్పటిలాగే ఉన్నాయి.