26 తుపాకులు, 2500 గుళ్ళు: మన్యం పోరాటంలో ఎవరూ చెప్పని లెక్క



మాది మొవ్వ దగ్గర పల్లె. అంతా చదును నేల, కంటికి కొండ కనపడదు. మన్యం పోరాటం అనగానే మా పిల్లలకు సినిమాలో చూసిన విల్లంబులే గుర్తొస్తాయి. కానీ 1922లో మనవాళ్ళు మొదటి దెబ్బ కొట్టింది తుపాకుల కోసం, తూటాల కోసం. ఈరోజు ఆ లెక్క చూద్దాం.

ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! ఎందుకంత తొందర? నాకు అర్థమైంది ఒక్కటే. కబురు ముందు చేరితే అవతలి స్టేషన్ వాళ్ళు సరుకు దాచేస్తారు. చింతపల్లిలో 11 తుపాకులు, 1390 గుళ్ళు దొరికాయి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2500కు పైగా గుళ్ళు. తీసుకున్నదంతా స్టేషన్ పుస్తకంలో రాసి అల్లూరి సంతకం కూడా పెట్టాడు.

ఇప్పుడు భాగించి చూడండి. తుపాకీకి సుమారు వంద గుళ్ళు. అంతే. బాణం అయిపోతే ఊళ్ళోనే ఇంకోటి చేసుకోవచ్చు. పోలీసు తూటా అలా కాదు, ఫ్యాక్టరీలో తయారయ్యేది. కొనుక్కుందామన్నా 1878 ఆయుధాల చట్టం అడ్డం, లైసెన్సు కావాలి. పోడు కొట్టినందుకే కేసులు పెట్టే సర్కారు మనకు లైసెన్సు ఇస్తుందా?

అందుకే గుండు వృథా కాకుండా ఘాట్లలో మాటు వేశారు. సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు అలాగే చచ్చారు.

సర్కారు కూడా పాఠం నేర్చుకుంది. అక్టోబర్ 15న అడ్డతీగల, 19న రంపచోడవరం స్టేషన్లకు వెళ్తే ఆయుధాలు లేవు, ముందే దాచేశారు. డిసెంబర్ 6న పెద్దగడ్డపాలెం దగ్గర మనుషులూ పోయారు, ఆయుధాలూ పోయాయి. అవతల మలబారు పోలీసులు, ఆ తర్వాత 1924లో అస్సాం రైఫిల్స్. వాళ్ళకు అయిపోయిన కొద్దీ కొత్త పెట్టెలు వస్తూనే ఉంటాయి. మనవాళ్ళకు ఒకసారి దొరికిందే నిల్వ. 1924 మే 7న అల్లూరిని, జూన్‌లో గాం గంటం దొరను చంపేశారు.

ఇంకో మాట. అదే కాలంలో మన ఎరుకల తాతలు 1911 నేరస్థ తెగల చట్టం కింద పోలీసుల దగ్గర హాజరు వేయించుకునేవాళ్ళు. ఇటు మనవాళ్ళు స్టేషన్‌కు తల వంచుకుని వెళ్ళారు. అటు మన్యంలో మనవాళ్ళే స్టేషన్ తలుపు తోసుకుని వెళ్ళారు. రెండూ మన చరిత్రే.

తుపాకులు ఎన్నో, గుళ్ళు ఎన్నో సర్కారు లెక్క రాసుకుంది. వాటిని మోసిన మనుషుల్లో మనకు తెలిసిన పేర్లు ఎన్ని? గంటం దొర, మల్లు దొర, ఎండు పడాలు... ఆ తర్వాత ఆగిపోతాం. మన్యం నుంచి ఈ గ్రూపులో ఉన్నవాళ్ళు మీ ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి, ఆ పేర్లు ఇక్కడ రాయండి. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడగాలి.